పచ్చ లైటు రాకపోతే

నల్గొండ,
నవంబర్ 9, 2022

అక్కకు,

తమ్ముడు మల్లికార్జున్ రాసేది. ఉత్తరాన్ని పార్సిల్‌లోనే పెట్టాను. ముందు దీన్ని చదువు, తర్వాతే డబ్బాల మీద చెయ్యి వెయ్యి. బావకైతే మరీ గట్టిగా చెప్పు, ఆయన చేతులకు ఆగే గుణం లేదు.

పోయిన వానల్లో బావ వాళ్ల నాన్న భిక్షం మామ గొర్ల కొట్టంలో దమ్ముతో, ఊపిరాడక తెల్లవార్లూ ఒక్కడే కొట్టుకున్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మీ ఇంటికీ కొట్టానికీ నడుమ ఒక్క పల్లి చేను. అయినా మనిషి పిలిస్తే వినబడదు. గొర్లను విడిచి ఇంట్లో పడుకొమ్మంటే నీ మామ వినడు. ఫోన్ ఇద్దామంటే మీ పల్లంలో సిగ్నల్ లేదు, బావే మాట్లాడాలంటే రోడ్డెక్కాలి. కొత్తగా వైరు లాగితే ఎలుకలు బతకనివ్వవు. ఎన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నానో! చివరికి తట్టింది, తీగ ముందే ఉంది కదా అని. మీ ఇంట్లోంచి కొట్టంలో బల్బుకు పోయే కరెంటు తీగ.

దాంట్లోనే మాట పంపవచ్చు అక్కా. నవ్వకు. కరెంటు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ సెకనుకు వందసార్లు సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. ఆ సున్నా దగ్గర కొంచెం సందు దొరుకుతుంది. ఆ సందులో ఒక డబ్బా తన మాట తీగ మీదికి వదిలితే, అవతలి డబ్బా ఏరుకుంటుంది. ఒక్కో దాంట్లో గోరంత చిప్పు ఉంటుంది, మైక్రోకంట్రోలర్ అంటారు. కాలేజీ ల్యాబులో నేను పిల్లలకు నేర్పేది అదే. కొట్టంలో మామ మీట నొక్కుతాడు, మీ ఇంట్లో గంట మోగుతుంది. అంతే సంగతి.

మూత మాత్రం ఎవరూ తియ్యొద్దు. లోపల ఉన్నది గోడలో ఉండే కరెంటే, మనిషిని చంపే కరెంటు. రెండూ ప్లగ్గులో పెట్టి వదిలెయ్యండి.

సుమనకు ఏడో నెల. పుల్లటి మామిడికాయ కావాలంటోంది, ఈ కాలంలో ఎక్కడ తెచ్చేది? ఉత్తరం రాయి.

నీ తమ్ముడు
మల్లి

చేను కాడ,
కొల్లాపూర్ మండలం,
నవంబర్ 27

తమ్మీ,

డబ్బలు ముట్టినయ్. మీ బావ బస్టాండ్ల పార్సిల్ తీస్కొని, బండి మీద ఒళ్లె పెట్టుకొని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండు. నువ్వు చెప్పినట్టే పెట్టినం. మూత ఎవ్వలం తియ్యలే.

మామ తొల్త దాని దిక్కు సూడలే. "గంట కొట్టి పిలిపిచ్చుకోనీకి నేనేమన్న సర్పంచునా?" అన్నడు. ఒకనాడు పొద్దుమూకంగ గంట మోగింది. పిండి చేతులతోనే ఉరికిన. పొయ్యి సూస్తే మామ నిమ్మలంగ కూసొని, "అగ్గిపెట్టె తేవే బిడ్డా" అంటాండు! బీడికి! దమ్మున్న మనిషికి బీడి! మస్తు తిట్టిన. నవ్విండు. ఇగ అప్పటి సంది రోజు ఏదో ఒక పని మీద నొక్కుతనే ఉంటడు. చాయ్ కావాలన్న గంటనే, మేక ఈనిందన్న గంటనే. నాకు కోపమొస్తది గని, మోగినంక మనసు నిమ్మలమైతది. ఇన్నేండ్లు చీకటి పడితే కొట్టం దిక్కు సూడాలంటే భయం ఉండేది. నీ పుణ్యాన అది పోయింది.

పల్లి మంచిగ మొలిసింది. నిరుడు పందులు చేనంత దున్నిపోయిన సంగతి నీకు ఎరికే. ఈసారి చేను సుట్టు కర్రలు పాతి, తీగ గుంజి, దానికి పాత చీరలు కట్టినం. చీరలు గాలికి ఊగితే మనుషులున్నరని పందులు బెదురుతయంట. నా పెండ్లి చీర గూడ కట్టిండు మీ బావ. అడిగితే, "నువ్వు కట్టుకుంటే నేను బెదురుతలేనా? పందులు గూడ బెదురుతయ్" అన్నడు. ఏమనాలె ఈ మనిషిని!

సుమనను బరువులు లేపొద్దని చెప్పు.

అక్క పుష్ప

చేను కాడ,
జనవరి 3, 2023

తమ్మీ,

నీ డబ్బ పని చేస్తలేదు. పగటీలి మంచిగనే ఉంటది. పొద్దుమూకితే బంద్. తెల్లారితే మల్ల మంచిగైతది. నిన్న మామ నొక్కి నొక్కి యాష్టకొచ్చి పండిండంట. చలికి ఇంకో గొంగడి కావాలని పిలిసిండంట. అదే దమ్ము అయితే? నాకు బువ్వ పోతలేదు. జల్ది ఏదన్న చెయ్యి.

మన ఎర్రకుక్క సచ్చిపోయింది. చేను గట్టు మీద పడి ఉండె. పాము ముట్టింది కావచ్చు.

పుష్ప

నల్గొండ,
జనవరి 7

అక్కా,

నీ ఉత్తరం చూసి ఆ రోజంతా ల్యాబులోనే ఉండిపోయాను. నా దగ్గరున్న జత బాగానే పనిచేస్తోంది. అంటే లోపం డబ్బాలో లేదు, మీ లైనులో ఏదో ఉంది. సాయంత్రం మాత్రమే ఆగిపోతోందంటే, సాయంత్రం మాత్రమే మీరు వాడేదేదో తీగ మీద గోల చేస్తోంది. ఆ గోలలో డబ్బా మాట కలిసిపోతోంది. సంతలో పిలిస్తే వినబడనట్టు.

ఒక పని చెయ్యి. పొద్దుమూకాక ఒక్కొక్కటే తీసి చూడు. ముందు టీవీ ప్లగ్గు తియ్యి. మోగకపోతే ఫోన్ ఛార్జర్ తియ్యి. అవి చవక రకమైతే నానా గోల చేస్తాయి. కొత్తగా ఎల్ఈడీ బల్బులు పెట్టారా? పెడితే అవీ తియ్యి. ఒక్కోటి తీసినప్పుడల్లా బావను కొట్టంలో నిలబెట్టి మీట నొక్కించు.

ఇంకోటి. ఈ నెల రోజుల్లో లైనుకు కొత్తగా ఏమైనా తగిలించారా? కొత్త మోటరు గానీ, తీగ గానీ, పక్కవాళ్లకు కనెక్షన్ గానీ? ఎంత చిన్నదైనా సరే రాయి. నాకు తెలియకపోతే నేను చీకట్లో తడుముకోవాల్సిందే.

అంతదాకా మామను రాత్రిళ్లు ఒంటరిగా వదలొద్దు. కుక్క సంగతి బాధేసింది. చలికాలంలో పాములు తిరగడం తక్కువ కదా. మీరు టార్చి లేకుండా గట్ల మీద నడవకండి.

మల్లి

చేను కాడ,
జనవరి 13

తమ్మీ,

టీవీ తీసినం. ఛార్జర్ తీసినం. బల్బులు తీసి చీకట్ల కూసున్నం. అయినా మోగలే.

లైనుకు కొత్తగ ఏం తగిలియ్యలే. ఏం లేదు.

నీకు కాలేజీ, ఇంట్ల నిండు మనిషి. నువ్వు గీ డబ్బల మీద పానం పెట్టుకోకు. పనైతే అయితది, లేకుంటే వాపస్ పంపిస్త. మామను నేను సూసుకుంట.

పుష్ప

నల్గొండ,
జనవరి 20

అక్కా,

వాపస్ పంపిస్తానంటావా? నాకు కోపం తెప్పించే మాట అది. నేను చేసిన వస్తువు నమ్ముకొని ఒక పెద్దమనిషి చీకట్లో మీట నొక్కుతున్నాడు, అవతల ఎవరికీ వినబడటం లేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు నిద్ర పడుతుందా?

అందుకే కొత్త జత చేశాను. ఇది మునుపటిదానికన్నా గట్టిగా పలుకుతుంది. ఒకసారి చెప్పింది అందకపోతే పదిసార్లు చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇది జవాబిస్తుంది. మామ నొక్కిన మాట మీ ఇంటికి చేరితే, ఇంటి డబ్బా తిరిగి "అందింది" అని చెబుతుంది. అప్పుడు కొట్టం డబ్బా మీద పచ్చ లైటు వెలుగుతుంది. మునుపు మామకు తన పిలుపు చేరిందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది. పచ్చ లైటు వస్తే కదలకుండా పడుకోవాలి, మీరు వస్తున్నారన్నట్టు. రాకపోతే ఎవరికీ వినబడలేదన్నట్టు. అప్పుడు నొక్కుతూ కూర్చోకుండా, ఊపిరి ఇంకా ఉండగానే లేచి టార్చి పట్టుకొని సూటిగా ఇంటికి నడవాలి.

మామకు చదువు రాదు కదా, అందుకే డబ్బా మీదే బొమ్మలు గీసి అంటించాను. పచ్చ లైటుంటే మంచం మీద మనిషి. లైటు లేకపోతే టార్చితో నడిచే మనిషి, ఎదురుగా ఇల్లు. సుమన చూసి, చిన్నపిల్లలకైనా తెలుస్తుందంది. నువ్వు కూడా ఒకసారి మామకు నోటితో చెప్పు.

పార్సిల్ ఈ రోజే బస్సుకు వేస్తున్నాను. సుమనకు రేపో మాపో అన్నట్టుంది.

మల్లి

నల్గొండ,
దవాఖాన వరండాలోంచి,
జనవరి 24

అక్కా,

ఈ ఉత్తరం బావ చేతికి ఇవ్వొద్దని, నీ చేతికే ఇవ్వమని పోస్టుమ్యాన్‌కు కవరు మీద రాశాను.

సుమనకు నొప్పులు మొదలయ్యాయి. లోపలికి తీసుకుపోయారు. లేకపోతే ఈపాటికి నేను మీ దగ్గర ఉండేవాణ్ని. బావ ఫోన్‌కు పొద్దటి నుంచి చేస్తూనే ఉన్నాను, కలవడం లేదు.

నిన్న ల్యాబులో ఊరికే ఉండలేక, ప్రమాదం లేని చిన్న వోల్టేజీ మీద మీ లైను లాంటిదే ఒకటి పరిచాను. టీవీ పెట్టాను, బల్బులు పెట్టాను, ఛార్జర్లు పెట్టాను. ఏది పెట్టినా డబ్బా పలికింది. చివరికి ఒక చుట్ట బోడి తీగ తీసుకొని, వెనక తడి గడ్డి మీద పొడుగునా పరిచి, దాని కొస లైనుకు తగిలించాను. పలుకు పోయింది. తీగ తీస్తే వచ్చింది, తగిలిస్తే పోయింది. నేలను ఆనుకొని పోయే తీగ అక్కా. మాటంతా నేలలోకి ఇంకిపోతుంది.

చేను చుట్టూ తీగ గుంజామని నువ్వే రాశావు. కుక్క గట్టు మీద చచ్చి పడి ఉందని నువ్వే రాశావు. పాము ముట్టింది కావచ్చు అన్నావు. అక్కా, బావ పందుల కోసం ఆ తీగకు కరెంటు పెడుతున్నాడా?

నేను మామకు ఏం బొమ్మ గీసి పంపాను! పచ్చ లైటు రాకపోతే సూటిగా ఇంటికి నడవమన్నాను. ఆ తీగకు కరెంటు ఉన్నప్పుడే పచ్చ లైటు రాదు! తీగ బతికున్నప్పుడే మామను దాని మీదికి నడిపిస్తుంది నా డబ్బా!

ఆ బొమ్మ చించెయ్యి. డబ్బా పీకి పొయ్యిలో పడెయ్యి. మామను ఇంటికి తెచ్చి పడుకోబెట్టు, రానంటే మోసుకొని రా. కరెంటాఫీసుకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కి మళ్లీ పెట్టేశాను. బావను పోలీసులు పట్టుకుపోతారేమో, నీ ఇల్లు ఏమవుతుందో అని పెట్టేశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. బావ కాళ్లు పట్టుకుంటానని చెప్పు. జర జల్ది అక్కా, నీకు దండం పెడుత, జల్ది.

మల్లి

చేను కాడ,
జనవరి 28

తమ్మీ,

నువ్వు దవాఖానకెల్లి రాసింది ఇయ్యాల్ల ముట్టింది. మామ బతికే ఉన్నడు. ముందుగాల్ల అది సదువుకొని గుండె నిమ్మలం చేస్కో. తర్వాత మిగిలింది సదువు.

నువ్వు మీ బావ పేరు రాసినవ్. తీగ గుంజింది మీ బావనే. గని చీరలకు పందులు బెదురుతలేవని, డిసెంబర్ ఆఖరికెల్లి పొద్దుమూకితే దానికి కరెంటు ఇచ్చేది నేను. మీ బావ చేనుకు అవుతలి కొసకు, మంచె కాడికి పోతడు. అక్కడికెల్లి టార్చి ఊపుతడు. ఊపంగనే నేను ఇంటి ముందటి స్తంభం కాడ ఎండు బొంగుతోని కొక్కెం లేపి పై తీగకు తగిలిస్త. తెల్లారంగ నేనే దించుత. నువ్వు కొత్తగ ఏమన్న తగిలిచ్చిన్రా అని అడిగితే, ఏం లేదు అని రాసింది గూడ ఆ చేతులతోనే.

నిరుడు పందులు దున్నిపోయినంక ఆ గడ్డల్ల కూసొని ఏడ్సిన. మల్ల గట్ల ఏడ్సుడు నాతోని కాదనుకున్న. పందే కద సచ్చేది, మనిషి దాని దిక్కు ఎందుకొస్తడు అనుకున్న. చీరలు కట్టనీకే తీగ అని మామ నమ్మిండు. చేన్ల మందు కొట్టినం, బాట మీదికెల్లి సుట్టు తిరిగి రావాలె అని చెప్పినం. కుక్క సచ్చిననాడు కొక్కెం పారేద్దామనుకున్న. పారెయ్యలే. నీకు పాము అని రాసిన.

నువ్వు దవాఖానల కూసొని గది రాసిన దినమే అయ్యింది. మీ బావ ఫోన్ ఇంట్లనే ఇడిసి, బస్టాండ్లకెల్లి పార్సిల్ తెచ్చి డబ్బలు రెండు తనే పెట్టిండు. మామకు బొమ్మలు మస్తు నచ్చినయంట. నీ ఉత్తరం అంగి జేబులనే ఉంచి, అంగి మార్చుకొని మంచె కాడికి పోయిండు. టార్చి ఊపిండు. నేను కొక్కెం తగిలిచ్చి ఇంట్లకు వచ్చిన. అంగి నానేద్దామని జేబు సూస్తే ఉత్తరం. లైటు కింద నిలబడి సదువుతున్న. బొమ్మల సంగతి కాడికి వచ్చి తలెత్తి సూసిన. గోడకున్న డబ్బ మోగుతలేదు. తలుపుల్లకెల్లి సూస్తే చేనుకు అవుతలి గట్టు దిక్కు టార్చి వస్తాంది. మీ బావది కాదు. కొట్టం దిక్కుకెల్లి వస్తాంది.

"ఆగు మామా! ఆగు!" అని ఒర్లిన. మంచె కాడ మీ బావ నేను పందులను అదిలిస్తున్న అనుకొని తను గూడ కేకలు పెట్టిండు, రేకు డబ్బ కొట్టిండు. నా కేక దాంట్ల కలిసిపోయింది. ఇంట్ల మెయిన్ బంద్ చేస్తే ఇల్లు చీకటైతది గని కొక్కెం స్తంభానికి ఉన్నది. స్తంభం కాడికి ఉరికిన. బొంగు లేపితే తొందరకు గురి తప్పి కొక్కేనికి ఆనలే. ఓ దేవుడా, ఒక్కపారి ఆననీ అనుకుంట మల్ల లేపిన. కొక్కెం నీలంగ మెరిసి కిందపడ్డది. తిరిగి సూస్తే టార్చి నేల మీద ఉన్నది. కదుల్తలేదు.

కొక్కెం ముందు పడ్డదా, మామ ముందు పడ్డడా? తొవ్వంత గదే అనుకుంట ఉరికిన. శత్రువుకు గూడ వద్దు తమ్మీ ఆ ఉరుకుడు.

మామ గట్టు మీద బోర్ల పడి ఉన్నడు. తీగ ఆయన రొమ్ము కింద ఉన్నది. నాకు గూడ కొడితే కొట్టనీ అని చెయ్యి ఏసిన. ఊపిరి పీలుస్తాండు. కాలికి తీగ తట్టి పడ్డడు, గంతే. లేపి కూసోబెట్టిన. దమ్ముతోని మాట వస్తలేదు. జరసేపటికి, "స్తంభం కాడ మెరిసిందేందే?" అన్నడు.

ఏదో షార్ట్ అయ్యింది మామా అంటే నమ్మేటోడే. నోటిదాక వచ్చింది గూడ. "ఈ తీగకు కరెంటు పెట్టినం మామా. నేనే పెట్టిన. ఇప్పుడే తీసిన" అన్న.

తీగను సూసిండు. నన్ను సూసిండు. "శానసేపు నొక్కిన బిడ్డా" అన్నడు. తిట్టిన బాగుండు.

బండి మీద నడుమల కూసోబెట్టుకొని కొల్లాపూర్ దవాఖానకు తీస్కపోయినం. సూది ఏసిన్రు, గాలి పెట్టిన్రు. తెల్లారి ఇంటికి తెచ్చినం. మీ బావ ఆయన కాళ్ల మీద పడి ఏడ్సిండు. తీగంత తెంపి సుట్టి, కొక్కెం ఇరగ్గొట్టి, కృష్ణ ఏట్ల పారేసి వచ్చిండు. పందులు వచ్చి ఒక దిక్కు దున్నుతనే ఉన్నయ్. దున్ననీ.

మామ ఇంట్ల ఒక్కపూటనే ఉన్నడు. మల్ల కొట్టంకే పోయిండు. నీ డబ్బ పొయ్యిల ఎయ్యలే తమ్మీ. తీగ పోయినంక అది మంచిగ పని చేస్తాంది. రోజు పొద్దుమూకంగ నేనే కొట్టంకు పొయ్యి మీట నొక్కి, పచ్చ లైటు వచ్చింది సూడు మామా అని సూపెడుత. తలకాయ ఊపుతడు. నిన్న పొద్దుగాల్ల చాయ్ తీస్కపోతే పెదవులు నల్లగైనయ్, గొంగడి కప్పుకొని ముడుసుకొని కూసున్నడు. రాత్రంత దమ్మేనంట. "ఎందుకు నొక్కలే మామా?" అంటే, గొర్ల దిక్కు సూసుకుంట కూసున్నడు.

సుమన ఎట్లున్నది? బిడ్డనా, కొడుకా? రాయి. పచ్చి బాలింతను ఇడిసి రమ్మనుడు పాపమే. గని ఎట్లనన్న చేసి ఒక్కపూట వచ్చిపో. వచ్చి మామ పక్కన కూసొని, నొక్కితే మా అక్క వస్తది అని నువ్వు చెప్పు. నా మాట ఆయన నమ్ముతలేడు.

అక్క పుష్ప